330ఐ సైలెన్సర్ మార్చాలి: సౌండు కావాలి, గోల వద్దు

వసిష్ఠ330 (శనివారం, రాత్రి 9.40)
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పోయిన నెల హైదరాబాద్‌లో 2008 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మూడు లీటర్ల పెట్రోలు, టర్బో లేదు, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. ఇంజను మీద పైసా వంక పెట్టలేం. బాధల్లా ఒక్కటే, బండి మరీ మర్యాదస్తురాలు. అద్దాలెత్తితే ఇంజను కన్నా ఏసీ చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటాక మాత్రం ఒక రాగం లాంటిది వస్తుంది. అది కాస్త ముందునుంచీ, కాస్త గట్టిగా వినాలని కోరిక.

ఇక్కడ ఒక షాపులో అడిగితే "వెనక సైలెన్సర్ డబ్బా కోసేసి పైపు వెల్డింగ్ పెట్టేద్దాం, రెండు వేలు, గంట పని" అన్నారు. గంట పని అనేసరికే నాకు టెన్షన్ మొదలైంది. ఎవరైనా చేయించారా?

కోనసీమ కుర్రోడు (రాత్రి 9.52)
ఇంకా అడుగుతావేంటన్నా, కోసెయ్! మా ఫ్రెండు కారుకి డబ్బా తీసేశాం. రాజోలులో స్టార్ట్ చేస్తే మలికిపురంలో లేచి కూర్చుంటున్నారు.

కాలవగట్టు ఇల్లు (రాత్రి 10.05)
ఆ లేచి కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ణి బాబూ. మా ఇల్లు సరిగ్గా కాలవ మలుపులో ఉంది. మలుపు తిరగ్గానే ప్రతివాడూ యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఇంట్లో ఎనభై రెండేళ్ల మా అమ్మ ఉంది. రాత్రి పదకొండింటికి ఆవిడ ఉలిక్కిపడి లేస్తే మళ్లీ తెల్లారేదాకా కన్ను మూయదు. కుర్రాళ్ల సరదాని కాదనను, కానీ ఆ సరదాకి మూల్యం కట్టేది మేము.

షెడ్డు బాబాయ్ (రాత్రి 10.30)
వసిష్ఠ అబ్బాయ్, కటింగ్ మిషన్ జోలికి పోకు. ముందు నేను చెప్పిన పని చెయ్యి, రూపాయి ఖర్చు లేదు.

బండి వెనక వంగి టెయిల్‌పైపుల్లోకి టార్చి కొట్టి చూడు. రెంటిలో ఒకదాని లోపల గుండ్రటి రేకు మూత కనబడాలి. నీ 330ఐకి కంపెనీవాడే వెనక డబ్బాలో ఆ మూత పెట్టాడు. నిదానంగా నడిపేటప్పుడు వాక్యూమ్‌తో మూసి ఉంచుతుంది, తొక్కినప్పుడు తెరుచుకుంటుంది. నాలుగు వేల తర్వాత రాగం అన్నావే, అందులో దీని వాటా కూడా ఉంది. డబ్బా పక్కన బుల్లి నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఊడదీస్తే మూత ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఊడదీసిన గొట్టం చివర మాత్రం ఒక మేకో బోల్టో దూర్చి బిగించు. తెరిచి వదిలేస్తే దుమ్ము, నీళ్లు పోయి లోపలి వాల్వు పాడవుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చెయ్యి, చెయ్యి కాల్చుకుని నన్ననకు.

వారం తిరిగి చూసి అప్పుడు మాట్లాడు.

అలల లెక్క (ఆదివారం, ఉదయం 7.15)
మాది అమలాపురం, ఉద్యోగం పుణెలో. వాహనాల చప్పుడు కొలవడమే నా పని కాబట్టి నాలుగు ముక్కలు ఎక్కువే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మన చేలల్లో నీళ్లు తోడే పాత స్లో స్పీడ్ ఆయిల్ ఇంజను గుర్తుందా? నిమిషానికి 650 తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది, అంటే సెకనుకి అయిదు సార్ల పైచిలుకు. అందుకే "టక్, టక్, టక్" అని ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టగలం. అదే ఆరు సిలిండర్ల ఇంజను 700 దగ్గర ఊరికే తిరుగుతున్నా సెకనుకి 35 దెబ్బలు. సుమారు ఇరవై దాటితే మన చెవి దెబ్బలు లెక్కపెట్టడం మానేసి అదంతా ఒకే స్వరంగా వింటుంది.

లెక్క తేలిక: ఆరు సిలిండర్లయితే ఆర్పీఎంని, అంటే నిమిషానికి తిరిగే చుట్లని, 20తో భాగించండి, సెకనుకి ఎన్ని పేలుళ్లో వస్తుంది. 3000కి 150, 6000కి 300. నాలుగు సిలిండర్లయితే 30తో భాగించాలి, 6000కి 200. సిక్స్ పాడినట్టు ఉంటుందని అనేది అందుకే. శ్రుతి ఎక్కువ, పైగా ప్రతి 120 డిగ్రీలకీ తప్పకుండా ఒక పేలుడు. తాళం తప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇంజను పేలే వరస 1-5-3-6-2-4. ముందు మూడు సిలిండర్లు ఒక జట్టు, వెనక మూడు ఒక జట్టు అనుకోండి. వరస మళ్లీ చూడండి: ముందు, వెనక, ముందు, వెనక. మీ కారులో ముందు మూడింటికి ఒక మ్యానిఫోల్డు (సిలిండర్ల పొగని ఒక పైపులోకి చేర్చేది), వెనక మూడింటికి ఇంకొకటి, రెండు పైపులు విడివిడిగా వెనక్కి వస్తాయి. ఒక్కో పైపులో నడిచేది ఆరు సిలిండర్ల పాట కాదు, మూడు సిలిండర్ల పాట. శ్రుతి సగానికి దిగి బొంగురుగా ఉంటుంది. రెండూ ఎక్కడ కలిస్తే అక్కడ పుడుతుంది ఆరు గొంతుల స్వరం. దారి మధ్యలో ఉండే ఇంకో సైలెన్సర్ డబ్బా తీసేసి రెండు పైపులూ చివరిదాకా విడిగా లాగేస్తే బొంగురు గొంతు. ఎక్స్ ఆకారంలో కలిపితే సన్నటి, నున్నటి గొంతు. ఇంజను అదే, సిలిండర్లు అవే.

కాబట్టి ఎంత గట్టిగా అన్నది డబ్బాల సంగతి. ఎలాంటి గొంతు అన్నది పైపులు కలిసే చోటు సంగతి. మనవాళ్లు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు.

సూపర్బ్ 3.6 (ఉదయం 8.40)
నాది స్కోడా సూపర్బ్ వీ6, ఆరు సిలిండర్లు రెండు వరసలుగా వీ ఆకారంలో ఉంటాయి. దీని గురక వేరేగా ఉంటుంది, కొంచెం తడి గొంతు. అది కూడా పైపుల వల్లేనా గురువుగారూ?

అలల లెక్క (ఉదయం 9.02)
మీది మామూలు వీ6 కాదండి. రెండు వరసల మధ్య కోణం 10.6 డిగ్రీలే, రెంటికీ కలిపి హెడ్డు ఒక్కటే. పేలే క్రమం మాత్రం ఆరూ ఒకే వరసలో ఉండే ఇంజనుదే, 1-5-3-6-2-4. అయితే ఎగ్జాస్ట్ అంతా ఒకవైపే ఉంటుంది. దగ్గర వరసకి పొట్టి దారి, దూరం వరసకి పొడుగు దారి. పేలుళ్లు సమంగా ఉన్నా, గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ తడి గొంతు అక్కడిదే. దాన్ని కదపకండి, అదృష్టవంతులు.

షెడ్డు బాబాయ్ (ఉదయం 9.30)
లెక్కలాయన చెప్పింది నిజమే. లారీలతో ముప్పై ఏళ్లు గడిపాను, ఆరు సిలిండర్ల డీజిలు గొంతు కళ్లు మూసుకుని పోల్చగలను. ఒక ఇంజెక్టరు పోతే పాటలో ఒక అక్షరం మింగినట్టుంటుంది.

ఒక్క సందేహం. వెనక పైపు మరీ ఫ్రీ చేస్తే బ్యాక్ ప్రెషర్ పోయి పికప్ తగ్గుతుందని మా గురువు చెప్పేవాడు.

అలల లెక్క (ఉదయం 10.10)
పికప్ తగ్గడం నిజమే బాబాయ్, కారణం మాత్రం అది కాదు. ఇంజనుకి వెనక ఒత్తిడి ఎప్పుడూ అక్కర్లేదు. కావల్సింది పొగ వేగం. పొగ జోరుగా పోతే తన వెనక సిలిండర్‌లో మిగిలినదాన్ని కూడా లాక్కుపోతుంది. పైపు మరీ లావు చేస్తే వేగం చచ్చిపోతుంది, కింది ఆర్పీఎంలో ఆ లాగుడు పోతుంది. మన పిల్ల కాలవలో నీళ్లు పరుగెడతాయి, అవే నీళ్లు గోదావరిలో కలిశాక నింపాదిగా పోతాయి చూడండి, అలాగన్నమాట. మీ గురువుగారు చూసింది కరెక్టు, పెట్టిన పేరే తప్పు.

కోనసీమ కుర్రోడు (ఉదయం 10.15)
క్యాట్ (పొగని శుభ్రం చేసే కన్వర్టర్) కూడా తీసేస్తే?

షెడ్డు బాబాయ్ (ఉదయం 10.21)
తీసెయ్. డాష్ మీద ఇంజను లైటు వెలుగుద్ది, స్కానర్ పెడితే పీ0420, అంటే క్యాట్ సరిగా పనిచెయ్యట్లేదు, అంటాది, లోపలంతా పెట్రోలు కంపు కొడతాది. ఆ ప్లాటినం, పలాడియం ఉన్న ముక్కని పాత సామాను కొట్టువాడు నవ్వుకుంటూ పట్టుకుపోతాడు. నీ బదులు వాడు బాగుపడతాడు.

నల్లకోటు (మధ్యాహ్నం 2.00)
భీమవరం నుంచి. మూడు నిమిషాల చట్టం పాఠం, ఫీజు లేదు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణ తర్వాత 182ఎ(4) కింద యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ విషయంలో 190(2): మొదటిసారికి 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు ఉండదు. కొత్త కారుకి అనుమతి ఇచ్చేటప్పుడు చూసే చప్పుడు పరిమితి 74 డెసిబెల్స్.

బుల్లెట్ సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన ఫోటోలు పేపర్లో చూసే ఉంటారు. కారుని ఆపరన్న భరోసా ఎక్కడా రాసిలేదు. ఇన్సూరెన్సువాళ్లు కూడా మార్పులు తెలపమనే అంటారు. ఏం చేసినా పాత డబ్బా అమ్ముకోకండి. అది మీ ముందస్తు బెయిలు.

వసిష్ఠ330 (తర్వాతి ఆదివారం, రాత్రి 8.10)
బాబాయ్, దండాలు. మూత దొరికింది! ఎడమ పైపులో ఉంది. గొట్టం తీసి బోల్టు దూర్చాను, పది నిమిషాల పని. పొద్దున్నే స్టార్ట్ చేస్తే గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి "గ్రుమ్" అని, తర్వాత మామూలే. మా నాన్నగారు పేపరు దించి చూశారు గానీ ఏమీ అనలేదు. మా ఇంట్లో అది అనుమతి కిందే లెక్క.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ఆన్‌లైన్‌లో తిన్నగా పోయే సైలెన్సర్ ఒకటి తెప్పించాను. లోపల జాలీ పైపు, చుట్టూ గ్లాస్ ఊల్ కూరి ఉంటుంది. మధ్య డబ్బా, క్యాట్‌లు ముట్టుకోలేదు. ఒరిజినల్ సెట్టు ఒకే ముక్క కాబట్టి వెనక డబ్బా ముందు ఒక్కచోట కోయక తప్పలేదు. మళ్లీ పాతది తగిలించుకునేలా క్లాంపు పెట్టించాను.

పని చేసింది కార్ల మెకానిక్ కాదు, మేడమెట్లకి స్టీలు రెయిలింగులు చేసే కుర్రాడు. మన పక్క ఆర్గాన్ వెల్డింగ్ ఈ రెయిలింగుల వాళ్లకే బాగా వచ్చు. అతను మొదట తన దగ్గరున్న మెరిసే పైపే వేస్తానన్నాడు. అయస్కాంతం తెచ్చి పెట్టి "చూడండి, అంటుకోవట్లేదు, ఒరిజినల్ 304" అన్నాడు, అంటే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలని. నాకూ నిజమే అనిపించింది. అంతలో పక్క షాపు పెద్దాయన వచ్చి చిన్న సీసాలోంచి ఒక చుక్క మందు వేశాడు. చుక్క ఎర్రబడింది. "ఇది 202 అబ్బాయ్, దీనికీ అయస్కాంతం అంటుకోదు. మెట్లకి పనికొస్తుంది, పొగగొట్టానికి కాదు" అన్నాడు. అప్పుడు 304 తెప్పించి చేశాం. వెల్డింగ్ చేసేటప్పుడు పైపు రెండు కొసలూ టేపుతో మూసి లోపలికి కూడా ఆర్గాన్ వదిలాడు. లేకపోతే లోపలివైపు కుట్టు పంచదార పాకం గడ్డకట్టినట్టు గరుకుగా వస్తుందట.

సౌండు అద్భుతం. మూడు వేల నుంచి ఆరు వేల దాకా ఒకే గుక్కలో ఆలాపన. కానీ ఒక దరిద్రం వచ్చి పడింది. నిదానంగా పోతూ 1900 దగ్గర నిలిపితే లోపల ఒకటే హోరు. చించినాడ బ్రిడ్జి దాటేసరికి మా ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. తలుపులు మూసిన గదిలో రైసుమిల్లు తిరుగుతున్నట్టుంది. దీనికి మందేమిటి?

షెడ్డు బాబాయ్ (రాత్రి 8.25)
నే చెప్పానా, వారం తిరిగి మాట్లాడమని. సరే, చుట్టం వచ్చాడు, కాఫీ ఇవ్వాల్సిందే. లెక్కలాయన్ని పిలువు.

అలల లెక్క (రాత్రి 9.50)
1900ని 20తో భాగిస్తే 95. సెకనుకి 95 కంపనాలు. మీ కారు లోపలి గాలికీ, బాడీ రేకుకీ సరిగ్గా ఆ స్వరం ఇష్టం, అంతే. గ్లాస్ ఊల్ సన్నటి చప్పుళ్లని బాగా మింగుతుంది, లావు చప్పుళ్లని వదిలేస్తుంది. కంపెనీ డబ్బాలో గదులు గదులుగా కట్టి అలని వెనక్కి తిప్పికొట్టేది ఈ హోరు కోసమే. మీరు ఆ గదులు తీసేశారు.

మందు ఉంది. మెయిన్ పైపుకి పక్కగా ఒక పైపు అతికి, దాని రెండో కొస మూసెయ్యాలి. పొగ అందులోకి పోదు, అల పోతుంది. మూసిన కొసకి కొట్టుకుని తిరిగి వచ్చేసరికి సరిగ్గా ఎదురు తిరిగి ఉండి, వచ్చే అలని చంపేస్తుంది. పైపు పొడవు ఆ అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం మామూలు గాలిలో కన్నా వేగంగా పోతుంది. 200 డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 436 మీటర్లు. దాన్ని 4 ఇంటూ 95తో భాగించండి, సుమారు 115 సెంటీమీటర్లు.

మూసిన పైపు కాబట్టి లోపలి పొగ ఇంకా చల్లగా ఉంటుంది, అప్పుడు పొడవు ఇంకా తగ్గాలి. అందుకని మొదట 120 పెట్టండి. కొసన మూత వెల్డింగ్ చేయకండి, క్లాంపుతో బిగించండి. కొంచెం కొంచెం కోస్తూ నడిపి చూడండి. కోయడం తేలిక, అతకడం కష్టం. ఫోన్లో స్పెక్ట్రమ్, అంటే ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో గీత గీసి చూపించే యాప్ వేసుకుని 95 దగ్గర గుట్ట ఎంత ఎత్తుగా ఉందో ప్రతిసారీ చూడండి.

తణుకు టర్బో (రాత్రి 10.30)
నా కొత్త సిక్స్‌కి టర్బో ఉంది. పొగ దాని చక్రం తిప్పేసరికే గొంతు సగం పడిపోతుంది. మిగిలిన లోటు స్పీకర్లు పూడుస్తున్నాయి. లక్షలు పోసి రికార్డు వింటున్నాను. హోరైనా సరే, మీదే అసలు సొమ్ము.

వసిష్ఠ330 (నాలుగు వారాల తర్వాత, రాత్రి 9.15)
నాలుగు ఆదివారాలు తిన్నది ఈ పని. 120తో మొదలుపెట్టాం. హోరు 1900 నుంచి తగ్గి పైకి జరిగినట్టుంది గానీ పోలేదు. 116, కొంచెం నయం. 112, బాగా నయం. మా వెల్డింగ్ కుర్రాడు ప్రతిసారీ "సార్, పైపు కోయించుకోడానికి డబ్బులిచ్చే పార్టీని మిమ్మల్నే చూశాను" అంటాడు. 108 దగ్గర పాలకొల్లు నుంచి మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం వెళ్లాను. 1900 పట్టి ఉంచాను, ఏమీ లేదు! మాటలు వినిపిస్తున్నాయి. యాప్‌లో కొండలా ఉన్న గుట్ట చీమలపుట్టంత అయింది. అక్కడే మూత వెల్డింగ్ చేయించేశాం.

ఇంకో సంగతి. మొదట్లో అరగంట తిరిగాక కింద "టక్" మని ఒక దెబ్బ, ఆగాక ఇంకొకటి. దయ్యం పట్టిందనుకున్నాను. షెడ్డు బాబాయ్‌కి ఫోన్లో వినిపిస్తే నవ్వాడు. కుర్రాడు రెయిలింగు బిగించినట్టే పైపుని బాడీకి టైటుగా బిగించేశాడు. స్టెయిన్‌లెస్ వేడికి ఎక్కువ సాగుతుంది, రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేక బ్రాకెట్టుని తన్నేది. రబ్బర్ల మీద వేలాడదీశాక దయ్యం వదిలింది.

షెడ్డు బాబాయ్ (రాత్రి 9.31)
డబ్బా అడుగున, అన్నిటికన్నా పల్లంలో చిన్న బెజ్జం వేయించావా? లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పక్క ఊరికి వెళ్లి వచ్చే తిరుగుళ్లలో ఆ నీళ్లు ఆవిరి కాక డబ్బాలోనే ఉండిపోతాయి. మనకసలే ఉప్పు గాలి. చెరువుల గట్ల మీద తిప్పుతున్నావు కూడా.

వసిష్ఠ330 (రాత్రి 9.40)
మూడు మిల్లీమీటర్లది వేయించాను బాబాయ్.

నల్లకోటు (రాత్రి 9.58)
అభినందనలు. లెక్క ప్రకారం సైలెన్సరు ఒక మార్పు, పక్క పైపు రెండో మార్పు. గుర్తుంచుకోండి.

కాలవగట్టు ఇల్లు (రాత్రి 10.20)
వసిష్ఠ గారూ, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ముదురు నీలం కారు మా మలుపు తిరిగింది మీదేనా?

వసిష్ఠ330 (రాత్రి 10.24)
అవునండి. లేచారా అమ్మగారు? మలుపుకి ముందే కాలు తీసేశాను. ఆ గొట్టం మళ్లీ పెట్టుకోడానికి ఇప్పుడు మూత కూడా లేదు, కాలే మూత.

కాలవగట్టు ఇల్లు (రాత్రి 10.31)
లేవలేదు. నేను అరుగు మీద ఉండి విన్నాను. "ఎవరిదిరా ఆ లాంచీ?" అని మాత్రం లోపల్నుంచి అడిగింది. మెలకువగానే ఉందిలెండి.

కోనసీమ కుర్రోడు (రాత్రి 10.40)
అన్నా, మా ఫ్రెండు కారుకి కూడా 1900 దగ్గరే హోరు. నాలుగు సిలిండర్లు. 30తో భాగించాలి కదా?

అలల లెక్క (రాత్రి 10.44)
భాగించు. 63 వస్తుంది. అదే 436 మీటర్లు వేసుకుంటే పైపు 170 సెంటీమీటర్ల పైనే అవుతుంది, కారు కింద పట్టించడం కష్టం. ముందు తీసేసిన డబ్బా ఎక్కడుందో మీ ఫ్రెండుని అడుగు.

కోనసీమ కుర్రోడు (రాత్రి 10.47)
పాత ఇనుముకి వేసేశాడు.

షెడ్డు బాబాయ్ (రాత్రి 10.50)
వసిష్ఠా, నీ పాత డబ్బా జాగ్రత్త. పశువుల పాకలో పడేశానని ఫోన్లో అన్నావు, పైపు కొసలకి గుడ్డలు కూరు. మా షెడ్డులో ఒకదాంట్లో కోడి పొదిగింది, మూడు వారాలు ఆ బండి బిగించనివ్వలేదు మా ఆవిడ.